చిగుళ్లలో నెత్తురు, ఒంట్లో చక్కెర: పాఠకుల ప్రశ్నలకు దంతవైద్యుని సమాధానాలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి. నోటిలో పుట్టిన జబ్బు నోటిలోనే ఉండిపోతుందా, లేక మిగిలిన ఒంటిని కూడా తాకుతుందా అన్నదే ఆ సందేహం. అందుకని ఈసారి వేరే ప్రశ్నలను పక్కనపెట్టి ఆ ఉత్తరాలకే సమాధానాలు రాస్తున్నాను. రాసినవారి పేర్లు తీసివేసి ఊళ్ల పేర్లు మాత్రం ఉంచాను.

ప్రశ్న: డాక్టరు గారూ, మావారికి 52 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా షుగరు ఉంది. మాత్రలు తప్పకుండా వేసుకుంటారు, పొద్దున్నే గంటసేపు నడుస్తారు, రాత్రిపూట అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నారు. అయినా ఏడాది కిందట 7.9 ఉన్న హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల చక్కెర సగటును చెప్పే రక్తపరీక్ష) ఇప్పుడు 8.6కు చేరింది. రెండేళ్లుగా పళ్లు తోముకున్నప్పుడల్లా నెత్తురు వస్తోంది, నోటి వాసన కూడా ఉంది. చిగుళ్లు బాగాలేకపోతే షుగరు తగ్గదని మా పొరుగావిడ అంటున్నారు. ఇందులో నిజం ఎంత? (ఒక పాఠకురాలు, తణుకు)

జవాబు: మీ పొరుగావిడ చెప్పినదానిలో నిజం ఉంది. చిగుళ్ల జబ్బుకూ ఒంటి ఆరోగ్యానికీ ఉన్న సంబంధాలన్నింటిలోనూ గట్టి ఆధారం దొరికింది మధుమేహం విషయంలోనే.

చిగురు పంటికి పూర్తిగా అతుక్కొని ఉన్నట్టు పైకి కనిపించినా వాటి నడుమ సన్నని గాడి ఒకటి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోటిలో దాని లోతు మూడు మిల్లీమీటర్లకు మించదు. రోజూ పేరుకునే పాచిని అక్కడినుంచి తీసివేయకపోతే అది లాలాజలంలోని సున్నపు లవణాలను పీల్చుకొని గట్టిపడి గార అవుతుంది. ఆ గరుకు గార మీద మళ్లీ కొత్త పాచి పడుతుంది, అందులోని సూక్ష్మజీవులను ఎదుర్కోవడానికి రక్తంలోని రక్షణ కణాలు అక్కడికి చేరతాయి, ఆ పోరాటంలో చిగురు ఎర్రబడి, ఉబ్బి, బ్రష్షు తగిలితే చాలు నెత్తురు కారుస్తుంది. ఇది పూర్తిగా నయమయ్యే దశ. ఇక్కడ పట్టించుకోకపోతే గాడి లోతై పాకెట్‌గా మారుతుంది, పంటిని పట్టి ఉంచే ఎముక లోలోపల తరిగిపోతుంది. ఇంత జరుగుతున్నా నొప్పి దాదాపు ఉండదు కనుకనే మనుషులు సంవత్సరాల తరబడి ఊరుకుంటారు.

నోరంతా ఇలాంటి పాకెట్లు ఉన్న మనిషిలో వాటి లోపలి పుండును విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్ల దాకా ఉంటుందని ఒక అంచనా. అంత పుండు మోచేతి మీద ఉంటే మీవారు గానీ మీరు గానీ కట్టు కట్టించకుండా ఒక్కరోజు కూడా ఉండలేరు. నోటిలో కనిపించకుండా ఉన్నంత మాత్రాన అది పుండు కాకుండా పోదు. అక్కడ పుట్టే వాపు రసాయనాలు రక్తంలోకి చేరి ఇన్సులిన్ పని చేసే తీరును మందగింపజేస్తాయి. ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట వినవు, చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది.

ఇదే బాట అటునుంచి ఇటు కూడా ఉంది. రక్తంలో చక్కెర ఎక్కువకాలం నిలిచి ఉంటే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, తెల్లకణాల పోరాట శక్తి తగ్గుతుంది, పుండు మానడం ఆలస్యమవుతుంది, నోరు ఎండిపోతుంది. అందువల్ల షుగరు అదుపులో లేనివారికి చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుంది. కళ్లు, మూత్రపిండాలు, నరాలు వంటివాటికి మధుమేహం తెచ్చే చిక్కుల వరుసలో చిగుళ్ల జబ్బును ఆరవదిగా చేర్చాలని హరాల్డ్ లో అనే దంతశాస్త్రవేత్త 1993లోనే రాశారు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వీరిలో ఎంతమంది నోటిని ఎవరైనా తెరిచి చూశారో తలుచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పాదాలు చూపించుకోమనీ, కళ్లు పరీక్ష చేయించుకోమనీ చెప్పే చీటీలో చిగుళ్ల ఊసు చాలాసార్లు ఉండదు.

చిగుళ్లకు చికిత్స చేస్తే చక్కెర ఎంత తగ్గుతుందన్నది మీ అసలు ప్రశ్న. ప్రపంచంలో జరిగిన నమ్మదగిన ప్రయోగాలన్నింటినీ కలిపి కాక్రేన్ సంస్థ 2022లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, చికిత్స తరువాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 మేర తగ్గింది. అంకె చిన్నదిగా కనిపించవచ్చు గానీ, మందు మోతాదు పెంచకుండా వచ్చిన తగ్గుదల అది. ఇది సగటు మాత్రమేనని గుర్తుంచుకోండి. మీవారి 8.6 ఒక్కసారిగా 7కు దిగుతుందని నేను మాట ఇవ్వలేను. చిగుళ్లు బాగుపడితే మాత్రలు మానేయవచ్చని కూడా దీని అర్థం కాదు. మందులు సరిపోతున్నాయో లేదో మీ షుగరు డాక్టరు గారు విడిగా చూడవలసిందే.

చిగుళ్ల వైద్యులను కలిసి ప్రతి పంటి చుట్టూ పాకెట్ల లోతు కొలిపించండి. అవసరమైతే గారను, వేరు మీద పేరుకున్న మురికిని రెండు మూడు విడతలుగా శుభ్రం చేస్తారు. మీవారు ఉదయం పలహారం తిని, మాత్ర వేసుకొని, తాజా రక్తపరీక్ష కాగితం వెంట తీసుకొని వెళ్లాలి. పళ్ల వైద్యమని పరగడుపున వెళ్లి కుర్చీలోనే చక్కెర పడిపోయి కళ్లు తిరిగినవారిని నేను చూశాను. ఎర్రకణాల ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక హెచ్‌బీఏ1సీని మూడు నెలల తరువాత చేయించండి, అంతకుముందు చేయిస్తే తేడా తెలియదు. ప్రైవేటు ఖర్చు భారమనుకునేవారికి హైదరాబాదు అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. చిగుళ్ల విభాగం అక్కడ విడిగా ఉంటుంది.

ప్రశ్న: పళ్లు క్లీనింగ్ చేయిస్తే వదులైపోతాయని, సందులు పడతాయని ఇంట్లో పెద్దవాళ్లు వద్దంటున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: పెద్దవారు కళ్లారా చూసిందే చెబుతున్నారు, కారణం మాత్రం తారుమారైంది. గోడకు పూసే సున్నానికీ, పంటికి పట్టే మురికికీ మన భాషలో ‘గార’ అన్న ఒకే మాట ఉంది. లోపల ఎముక తరిగి కదిలిపోతున్న పళ్లను పైన గడ్డకట్టిన గార కొంతకాలం ఒకదానితో ఒకటి అతికించి ఉంచుతుంది. దానిని తీసిన రోజున, అప్పటికే ఉన్న కదలికా అప్పటికే పడిన సందూ బయటపడతాయి. చేతిలో అనుభవం ఉన్న వైద్యులు చేసే స్కేలింగ్, అంటే గార తీయడం, పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్‌ను అరగదీయదు. కొద్ది రోజులు చల్లనినీళ్లు జివ్వుమంటాయి, తరువాత తగ్గిపోతుంది. పన్ను తీయిస్తే కంటిచూపు తగ్గుతుందన్న మాట కూడా ఇలాంటిదే. కంటికి వెళ్లే నరం వేరు, పంటికి వెళ్లే నరం వేరు.

ప్రశ్న: నా వయసు 61. రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు. నెత్తురు గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాటితో పాటు బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నాను. ఆరు నెలలుగా ముందుపళ్ల మధ్య చిగురు కండలాగా పెరుగుతోంది. చిగుళ్ల జబ్బు వల్లనే గుండెపోటు వస్తుందని ఎక్కడో చదివాను. ఉన్న పళ్లన్నీ తీయించి కట్టుడుపళ్లు పెట్టించుకుంటే గుండెకు మంచిదని ఒక బంధువు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ముందుగా ఆ బంధువు గారి సలహాను పక్కన పెట్టండి. ఈ పొరపాటును ప్రపంచం ఒకసారి చేసి చూసింది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు కెనడాలోని మాంట్రియల్ నగరంలో ప్రసంగిస్తూ, కుళ్లిన పళ్ల మీద బంగారు తొడుగులు వేసి కింద చీమును దాచి ఉంచడమే ఎన్నో జబ్బులకు మూలమని దంతవైద్యులను తీవ్రంగా తప్పుపట్టారు. ఆయన కోపంలో కొంత న్యాయం ఉంది. కానీ ఆ మాట పట్టుకొని అమెరికా, బ్రిటన్‌లలో కీళ్లనొప్పులకు, మానసిక వ్యాధులకు, కారణం తెలియని జ్వరాలకు సైతం పళ్లన్నీ పీకివేయడం దశాబ్దాల పాటు సాగింది. పళ్లు పోయాయే గాని ఆ జబ్బులు నయం కాలేదు. నోటికీ ఒంటికీ సంబంధం ఉందని చెప్పే నా వంటివారు ఈ చరిత్రను మరచిపోకూడదు.

ఇక గుండె సంగతి. ఫిన్లాండ్ పరిశోధకులు 1989లో గుండెపోటు వచ్చినవారి నోళ్లను, రానివారి నోళ్లను పోల్చి చూసి, వచ్చినవారి దంతారోగ్యం అధ్వానంగా ఉందని రాసినప్పటినుంచి ఈ అంశంపై ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. పొగతాగడం, మధుమేహం, వయసు వంటి ఉమ్మడి కారణాలను లెక్కలోనుంచి తీసివేసినా చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో రక్తనాళాల జబ్బు కొంత ఎక్కువగానే కనిపిస్తోంది. 2007లో వెలువడిన ఒక ప్రయోగంలో, చిగుళ్లకు గట్టి చికిత్స చేసిన ఆరు నెలలకు రక్తనాళాలు వ్యాకోచించే శక్తి మెరుగుపడింది. అయితే చిగుళ్లకు వైద్యం చేస్తే గుండెపోటు తప్పుతుందని నిరూపణ లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో స్పష్టంగా ప్రకటించింది. కలిసి కనిపించడం వేరు, ఒకటి మరొకదానికి కారణం కావడం వేరు. మీ గుండెను కాపాడేవి ముందుగా మీ బీపీ, కొలెస్టరాల్ మందులు, నడక, పొగాకుకు దూరంగా ఉండడం. చిగుళ్ల శుభ్రత వాటికి తోడు నిలుస్తుందే గాని వాటి స్థానంలోకి రాదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమని తోచింది ఆ పెరుగుతున్న చిగురు. ఆమ్లోడిపిన్ వాడేవారిలో కొందరికి చిగురు ఇలా కండలాగా పెరుగుతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, మూత్రపిండం మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ కూడా ఇదే పని చేస్తాయి. పాచి పేరుకున్న నోటిలో ఈ పెరుగుదల మరీ ఎక్కువ. మాత్రను మీ అంతట మీరు ఆపకండి. చిగురు ఫోటో తీసి మీ గుండె వైద్యులకు చూపించి, బదులుగా మరో తరగతి మందు వాడే వీలుందేమో అడగండి. మందు మారి, గార తీయించి, శుభ్రంగా ఉంచుకుంటే చాలామందికి కోత అవసరం లేకుండానే తగ్గుతుంది.

క్లీనింగ్ కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఎవరు ఆపమన్నా గుండె వైద్యులను అడగకుండా ఆపవద్దు. చిగురునుంచి వచ్చే నెత్తురును దూదితో నొక్కి ఆపవచ్చు, స్టెంటులో గడ్డకట్టే నెత్తురు ప్రాణం మీదికి తెస్తుంది. స్టెంట్ ఉన్నందుకు ముందుగా యాంటీబయాటిక్ వేసుకోనక్కరలేదు. కృత్రిమ కవాటం అమర్చినవారికి, గతంలో గుండె లోపలి పొరకు ఇన్ఫెక్షన్ వచ్చినవారికి మాత్రం అది అవసరం. వారు ఆ సంగతిని దంతవైద్యులకు కుర్చీలో కూర్చునే ముందే చెప్పాలి.

ప్రశ్న: మా అమ్మ ముప్పై ఏళ్లుగా అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకొని) తాగుతోంది. తన చిగుళ్లనుంచి ఎప్పుడూ చుక్క నెత్తురు రాలేదని, చుట్ట వల్లనే పళ్లు గట్టిగా ఉన్నాయని అంటోంది. ఈమధ్య రెండు దంతాలు కదులుతున్నాయి. (ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా)

జవాబు: నెత్తురు రాకపోవడమే ఇక్కడ మోసం. పొగాకులోని నికోటిన్ చిగుళ్ల సన్నని రక్తనాళాలను కుదించివేస్తుంది. అందువల్ల లోపల ఎముక తరుగుతున్నా పైన చిగురు ఎర్రబడదు, నెత్తురు రాదు, మనిషికి హెచ్చరిక అందదు. పొగతాగేవారికి చిగుళ్ల జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ, చికిత్సకు లొంగడం తక్కువ.

అంతకంటే తొందరగా చూడవలసింది అంగిలి. చుట్ట వెలిగించిన కొసను నోటిలోపల ఉంచే ఈ అలవాటు ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవారిలో ఎక్కువ, దాని వేడి నేరుగా తగిలేది అంగిలికే. అక్కడ తెల్లగా మందంగా మారిన చర్మం గానీ, ఎర్రని మచ్చ గానీ, మానని పుండు గానీ ఉంటే క్యాన్సర్ పరీక్ష ఆలస్యం చేయకూడదు. అమ్మను కోప్పడితే పరీక్షకు రారు. కదిలే పళ్లు చూపిద్దామని తీసుకువెళ్లండి, అంగిలి కూడా చూడమని డాక్టరుకు మీరు చెప్పండి. పొగాకు కలిపిన పళ్లపొడి పంటికి మేలని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పళ్లపొడులలో, పేస్టులలో పొగాకు వాడకాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

ప్రశ్న: నాకు నాలుగో నెల. చిగుళ్లు ఉబ్బి నెత్తురు వస్తోంది. కడుపులో బిడ్డ కాల్షియం లాగేసుకుంటోందని అత్తయ్యగారు అంటున్నారు. నెలలు నిండకుండా కాన్పు అవుతుందేమోనని భయంగా ఉంది. (ఒక పాఠకురాలు, నంద్యాల)

జవాబు: బిడ్డ మీ పళ్లలోనుంచి కాల్షియం తీసుకోదు. గర్భిణుల ఒంట్లో పెరిగే హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగురు ఎక్కువగా స్పందించి ఉబ్బుతుంది. చిగుళ్ల జబ్బు ఉన్న తల్లులలో నెలలు తక్కువ కాన్పులు కొంత ఎక్కువని అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. అయితే అమెరికాలో 800 మందికి పైగా గర్భిణులతో జరిపి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, గర్భంతో ఉండగా చికిత్స చేసినందువల్ల అలాంటి కాన్పులు తగ్గలేదు. అదే ప్రయోగంలో ఆ చికిత్స తల్లీబిడ్డలకు హాని చేయదని కూడా తేలింది. కనుక బిడ్డ గురించి దిగులు పడకుండా, మీ చిగుళ్ల కోసం క్లీనింగ్ చేయించుకోండి. నాలుగు, అయిదు, ఆరు నెలలు అందుకు అన్నివిధాలా అనువైన సమయం.

ప్రశ్న: నా వయసు 23. నెత్తురు వస్తోందని విటమిన్ సి మాత్రలు చప్పరిస్తున్నాను, నెత్తురు వచ్చే చోట బ్రష్షు పెట్టడం మానేశాను. తగ్గడం లేదు. (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: మానేసిన చోటే బ్రష్షు పెట్టాలి. 1965లో డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోముకోవడం మాన్పించి చూశారు. మూడు వారాలలోపే అందరికీ చిగుళ్లు వాచాయి, మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారం రోజులలో తగ్గిపోయాయి. కారణం పాచి అని తేల్చిచెప్పిన ప్రయోగం అది. విటమిన్ సి బాగా లోపించినప్పుడు చిగుళ్లనుంచి నెత్తురు వచ్చే మాట నిజమే గాని, జామకాయో ఉసిరికాయో నిమ్మకాయో తినే ఇంట్లో ఆ స్థితి అరుదు. మెత్తని బ్రష్షును చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి నెమ్మదిగా కదపండి, రాత్రి పడుకోబోయే ముందు తప్పక తోముకోండి, పళ్ల సందులను దారంతో శుభ్రం చేయండి. రెండు వారాలకూ తగ్గకపోతే చూపించుకోండి. జ్వరంతో పాటు బ్రష్షు తగలకుండానే నెత్తురు ఊరుతుంటే, లేదా ఒంటి మీద ఎర్రని చుక్కలు, కమిలిన మచ్చలు కనిపిస్తుంటే మాత్రం పళ్ల డాక్టరు కోసం చూడకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. డెంగీలో పడిపోయే ప్లేట్‌లెట్లు మొదలు రక్తక్యాన్సర్ దాకా ఏదైనా కావచ్చు.

ప్రశ్న: మా మామయ్యగారికి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలుగా మంచంలోనే ఉన్నారు. ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇస్తున్నాం. నోటితో ఏమీ తినడం లేదు కాబట్టి పళ్లు తోమడం లేదు. రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. దీనికీ నోటికీ సంబంధం ఉంటుందా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఉంటుంది. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నింటిలో నేను మొదట జవాబు రాసుకున్నది దీనికే. నోటితో తినని మనిషి నోరు శుభ్రంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నమలడం, మింగడం, లాలాజలం పారడం ఆగిపోవడం వల్ల అలాంటి నోటిలోనే సూక్ష్మజీవులు దట్టంగా పేరుకుంటాయి. మింగే శక్తి తగ్గినవారిలో ఆ ఉమ్మి కొద్దికొద్దిగా ఊపిరితిత్తులలోకి జారుతుంది. జపాన్‌లో 11 వృద్ధాశ్రమాలలో రెండేళ్ల పాటు జరిపి 1999లో ప్రచురించిన ప్రయోగంలో, నోటి శుభ్రత మామూలుగా వదిలేసినవారిలో 19 శాతం మందికి న్యుమోనియా రాగా, ప్రతి భోజనం తరువాత పళ్లు తోమించినవారిలో 11 శాతం మందికే వచ్చింది. అక్కడ చేసింది సంరక్షకుల చేత బ్రష్షు పట్టించడం, వారానికోసారి దంతవైద్యుల చేత శుభ్రం చేయించడం.

మీరు రోజుకు కనీసం రెండుసార్లు ఇలా చేయండి. గొట్టంలో ఆహారం పోసిన వెంటనే కాకుండా కొంత వ్యవధి ఇచ్చి, మంచం తలవైపు ఎత్తి కూర్చోబెట్టండి. కూర్చోలేకపోతే పక్కకు ఒత్తిగిల్లబెట్టి, నోటిలోని తడి బయటికి కారేలా చెంప కింద తువ్వాలు వేయండి. చిన్నపిల్లల మెత్తని బ్రష్షును నీళ్లలో ముంచి, విదిలించి, పేస్టు వేయకుండా గానీ బియ్యపుగింజంత వేసి గానీ పళ్లను, చిగుళ్లను, నాలుకను నెమ్మదిగా తోమండి. మధ్యమధ్య తడి గాజుగుడ్డ వేలికి చుట్టి ఊడివచ్చిన మురికిని తుడిచేయండి. పుక్కిలించమని నీళ్లు పోయవద్దు, అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. చచ్చుపడిన వైపు బుగ్గ లోపల ఉమ్మి, కఫం చేరి ఉంటాయి, ఆయనకు ఆ స్పర్శ తెలియదు కనుక అటువైపు మరింత శ్రద్ధగా చూడండి. ఆయన తెలియకుండా కొరికే అవకాశం ఉంటే పళ్ల నడుమకు వేలు పోనీయకండి, గుడ్డను బ్రష్షు పిడికి చుట్టి వాడండి.

కట్టుడుపళ్లు ఉంటే తీసివేసి సబ్బుతో తోమి రాత్రంతా నీళ్లలో ఉంచండి, పెట్టి పడుకోబెట్టవద్దు. పెదవులు పగలకుండా పలుచగా వెన్న రాయవచ్చు. కదులుతున్న పన్ను ఉందేమో వీలైనంత త్వరగా ఒక దంతవైద్యుని ఇంటికి పిలిపించి చూపించండి, నిద్రలో ఊడి శ్వాసనాళంలో పడే ప్రమాదం ఉంది. మొదటి వారం రోజులు తోమినప్పుడల్లా నెత్తురు కనిపిస్తుంది. దానికి భయపడి ఆపవద్దు. ఆయన నెత్తురు పలచబడే మందులు వాడుతున్నట్లయితే ఆ నెత్తురు ఎంతసేపటికి ఆగుతోందో గమనించి మీ డాక్టరు గారికి చెప్పండి.